స్టూవర్టుపురం: హాజరు పట్టీ నుంచి మూల్యాంకనం దాకా

బాపట్లకు, చీరాలకు నడుమ, విజయవాడ నుంచి చెన్నైకి పోయే రైలుమార్గం పక్కన ఉన్న స్టూవర్టుపురం తక్కిన తెలుగు పల్లెల మాదిరిగా చెరువు కిందనో, గుడి చుట్టూనో, సాగు వెంటనో తనంతట తాను పెరిగిన ఊరు కాదు. ప్రభుత్వం ఒక చట్టం చేసి, ఒక సంస్థకు అప్పగించి, అక్కడ ఉండవలసినవారెవరో, వారు ఎలా మారవలసి ఉందో ముందుగానే నిర్ణయించి నెలకొల్పిన ఊరు. నేటి పరిపాలనా పరిభాషలో చెప్పాలంటే అది పుట్టుకతోనే ఒక ప్రభుత్వ కార్యక్రమం. ఊరే కార్యక్రమమైనప్పుడు, ఆ కార్యక్రమం ఫలించిందా లేదా అన్న ప్రశ్న ఊరితోపాటే పుడుతుంది. నూరేళ్ళు దాటిన స్టూవర్టుపురం చరిత్రలో ఆ ప్రశ్నకు ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క కొలబద్దతో సమాధానం చెబుతూ వచ్చారు. బడులను, పథకాలను, మనుషుల బాగోగులను పరిశోధన ద్వారా అంచనా కట్టడమంటే ఏమిటో తెలుసుకోవడానికి ఆ కొలబద్దలను ఒక్కొక్కటిగా పరిశీలించడం మంచి మార్గం.

ఇలా అంచనా కట్టడాన్ని మూల్యాంకనం అంటారు. తెలుగునాట ఈ మాట వినగానే పదో తరగతి జవాబుపత్రాలు దిద్దే వేసవి శిబిరాలు గుర్తుకు రావడం సహజమే కాని, పరిశోధకులు దీనిని మరింత నిర్దిష్టమైన అర్థంలో వాడతారు. ఒక పని చేసిన తర్వాత కనిపించిన స్థితికి, ఆ పనే చేయకపోయి ఉంటే ఉండగలిగిన స్థితికి మధ్య గల తేడాను వెలికితీయడమే వారి దృష్టిలో మూల్యాంకనం. మొదటి స్థితి కంటికి కనిపిస్తుంది, రెండోది ఎన్నటికీ కనిపించదు. ఆ కనిపించని స్థితిని ఏ ఆధారంతో ఊహించారన్న దానిమీదనే మొత్తం పరిశోధన నాణ్యత నిలబడి ఉంటుంది.

స్టూవర్టుపురం పుట్టుకలోకి వెళ్తే, ఉత్తర భారతానికి 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం 1911లో కొత్త రూపం దాల్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. వ్యక్తి చేసిన నేరానికి వ్యక్తిని శిక్షించడం చట్టాల సాధారణ పద్ధతి కాగా, ఈ చట్టం కొన్ని కులాలను, తెగలను గంపగుత్తగా నేరస్థులని ప్రకటించి, వారి పేర్లు, వేలిముద్రలు పట్టీకెక్కించి, వారు ఎప్పుడు ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. బుట్టలల్లడం, పందుల పెంపకం, సోది చెప్పడం, గాడిదల మీద ఉప్పు, ధాన్యం ఊరూరా చేరవేయడం వంటి వృత్తులతో బతికిన ఎరుకలవారు ఈ చట్టం కిందికి వచ్చారు. వారికోసం సీతానగరం, కావలి, సిద్ధాపురం వంటి చోట్ల సెటిల్‌మెంట్లు వెలిశాయి. సముద్రానికి దగ్గరి ఇసుక నేలల్లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో 1913-14 ప్రాంతంలో వెలసిన సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు పెట్టారు. ఈ దేశంలో సాల్వేషన్ ఆర్మీని నడిపించిన ఫ్రెడరిక్ బూత్-టక్కర్ నేరాన్ని ఒక జబ్బుగా, సెటిల్‌మెంటును దాని చికిత్సగా వర్ణిస్తూ రచనలు చేశాడు. చికిత్స అన్న మాట వాడినవారు రోగి కోలుకున్నాడని చూపవలసి ఉంటుంది కనుక, సెటిల్‌మెంటు విజయాన్ని చాటే లెక్కలు అవసరమయ్యాయి.

ఆ లెక్కల్లో ప్రధానమైనది నేరాల సంఖ్య. నేరాలు తగ్గితే సెటిల్‌మెంటు ఫలించినట్లు, పెరిగితే నిఘా ఇంకా బిగించవలసినట్లు భావించడం పైకి ఎంతో సబబుగా కనిపిస్తుంది. కాని ఈ కొలబద్దలో పరిశోధన పద్ధతులు నేర్చే ప్రతి విద్యార్థి గుర్తుంచుకోదగిన లోపాలు ఉన్నాయి. అన్నిటికంటె లోతైన లోపమేమిటంటే, కొలిచే వస్తువును కొలిచే చట్టమే తయారు చేసింది. హాజరు వేళకు సెటిల్‌మెంటులో లేకపోవడం, పాసు లేకుండా బంధువుల ఊరికి పోవడం, నివాసం మారిన సంగతి చెప్పకపోవడం ఆ చట్టం కింద నేరాలు. పెళ్ళికో చావుకో పొరుగూరికి వెళ్ళి వచ్చిన మనిషి తక్కినవారి విషయంలో చుట్టపుచూపుగా వెళ్ళినవాడు, ఎరుకలవారి విషయంలో నేరస్థుడు. నిఘా పెరిగినకొద్దీ పట్టుబడేవారు పెరుగుతారు, పట్టుబడేవారు పెరిగినకొద్దీ నిఘాకు సమర్థన దొరుకుతుంది. ఈ వలయంలో తిరిగే అంకె ఆ మనుషుల నడవడిని గురించి చెప్పేది కొంచెమే. దానిలో ఎక్కువగా కనిపించేది పోలీసు చేసిన పని.

ఇక పోలిక సంగతి. సెటిల్‌మెంటులోకి మనుషులను చేర్చేది సాధారణంగా దొంగతనాలు ఎక్కువైనాయన్న అలజడి రేగిన సమయంలోనే. కరువు వలననో, ధరల వలననో అసాధారణంగా పెరిగినదేదైనా ఆ కారణం సడలగానే ఏ చికిత్సా లేకుండానే మామూలు స్థాయికి దిగుతుంది. గణాంకవేత్తలు దీనిని సగటు వైపు తిరిగి రావడం అంటారు. జ్వరం బాగా ముదిరిన రోజున తాయెత్తు కట్టించుకున్నవాడు మర్నాటికి జ్వరం తగ్గితే తాయెత్తు మహిమే అనుకోవడం ఇటువంటిదే. సెటిల్‌మెంటులో లేని ఎరుకల కుటుంబాల్లో అదే కాలంలో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడకుండా, సెటిల్‌మెంటు వలననే మార్పు వచ్చిందని చెప్పడానికి వీలు లేదు. పారిపోయినవారిని, వేరే చోటికి పంపినవారిని లెక్కలో ఉంచారా, తీసేశారా అన్న ప్రశ్న కూడా ఉంటుంది. మిగిలినవారిని మాత్రమే లెక్కించే పద్ధతి ఎప్పుడూ విజయాన్నే చూపుతుంది.

ఆ అంకెల వెనుక ఉన్నదానిని బయటికి తీసినది గణాంకశాస్త్రం కాదు, చరిత్ర పరిశోధన. 2001లో వెలువడిన తన గ్రంథంలో మీనా రాధాకృష్ణ మద్రాసు ప్రెసిడెన్సీలోని కొరవ, ఎరుకల సముదాయాలను గురించిన ప్రభుత్వ దస్త్రాలను, మిషనరీ నివేదికలను ఒకదానితో ఒకటి సరిపోల్చి చదివారు. రైళ్ళు వచ్చి, ఉప్పు వ్యాపారం ప్రభుత్వం గుప్పిట్లోకి పోయి, సంచార వర్తకులుగా బతికినవారి జీవనాధారం ఎలా కూలిపోయిందో, ఆ కూలిన బతుకులకు పుట్టుకతో వచ్చిన నేరగుణమని ఎలా పేరు పెట్టారో ఆమె చూపారు. స్టూవర్టుపురం నివాసులు చీరాలలోని పొగాకు కంపెనీ ఐఎల్‌టీడీ కర్మాగారానికి కూలీలుగా వెళ్ళిన తీరును పరిశీలించి, సంస్కరణ కేంద్రంగా చెప్పుకున్న స్థలం కదలలేని కార్మికులను సమకూర్చే స్థలంగా కూడా పనిచేసిందని నిరూపించారు. నేరాలు తగ్గాయా అన్న ప్రశ్నతో మొదలుపెట్టి ఉంటే ఈ సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు. ఈ కార్యక్రమం వలన ఎవరికి ఏం చేకూరింది అని అడగడం వలననే అది బయటపడింది, మూల్యాంకనంలో ప్రశ్నను ఎన్నుకోవడమే సగం పని అనడానికి ఇంతకంటె బలమైన తార్కాణం తెలుగు నేల మీద దొరకడం కష్టం.

మద్రాసు రాష్ట్రం 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. 1949లో కేంద్ర ప్రభుత్వం మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన నియమించిన విచారణ సంఘం దేశమంతటా దీనిని ఎత్తివేయాలని చెప్పగా, 1952 ఆగస్టు 31న ఆ రద్దు అమలులోకి వచ్చింది. పట్టీలో పేర్లు కొట్టివేసినంత మాత్రాన ఊరి పేరుకు అంటిన మచ్చ పోలేదు.

ఇక్కడి నుంచి అదే రాష్ట్రానికి చెందిన మరొక తరహా పరిశోధనకు రావలసి ఉంది. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకుల సహకారంతో గ్రామీణ ప్రాథమిక పాఠశాలల మీద ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించారు. 5 జిల్లాల్లో 500 బడులను తీసుకుని, చీటీలు తీసినట్లుగా, ఎవరి ఇష్టాయిష్టాలకూ తావు లేకుండా వందేసి చొప్పున ఐదు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలో పిల్లల చదువు మెరుగుపడిన మేరకు ఒక్కొక్క ఉపాధ్యాయునికి విడివిడిగా బోనసు, మరొకదానిలో బడి మొత్తానికి కలిపి బోనసు, ఇంకొకదానిలో అదనంగా ఒక కాంట్రాక్టు ఉపాధ్యాయుడు, నాలుగోదానిలో బడికి కొంత నగదు, ఐదోదానిలో ఇవేవీ లేవు. ఈ చివరి వర్గాన్నే పోలిక బృందం అంటారు. బడులు ఏ వర్గంలోకి వెళ్ళాలో చీటీయే నిర్ణయించింది కనుక, ముందునుంచీ బాగున్న బడులే ఒకచోట చేరాయన్న అనుమానానికి చోటు ఉండదు. వెనుక చెప్పిన కనిపించని స్థితికి ఆ వంద పోలిక బడులు ప్రతినిధులవుతాయి. స్టూవర్టుపురం సెటిల్‌మెంటు లెక్కల్లో ఏది లేదో అది ఇక్కడ ఉంది.

రెండేళ్ళ తర్వాత బోనసు బడుల పిల్లలు పోలిక బడుల పిల్లలకంటె గణితంలో 0.27, తెలుగులో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారు. ప్రామాణిక విచలనం అంటే పిల్లల మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంతగా చెదిరి ఉన్నాయో తెలిపే కొలత. గణితంలో వచ్చిన ఆ తేడాను వాడుక భాషలో చెప్పాలంటే, నూరుగురు పిల్లల వరుసలో కిందినుంచి యాభయ్యో చోట నిలబడ్డ బిడ్డ సుమారు అరవయ్యో చోటికి జరిగినట్లు. పరీక్షకోసం బట్టీ పట్టించి ఉంటారన్న సందేహం రావడం న్యాయమే. అందుకే ప్రశ్నపత్రంలో పాఠ్యపుస్తకం తరహా ప్రశ్నలతోపాటు, విషయం అర్థమైతే తప్ప రాయలేని ప్రశ్నలు కూడా ఉంచారు. రెండింటిలోనూ పిల్లలు మెరుగయ్యారు, బోనసుతో సంబంధం లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లో కూడా మెరుగయ్యారు. ఉపాధ్యాయుల గైరుహాజరీ మాత్రం తగ్గలేదు. బడికి వచ్చిన రోజుల్లో వారు ఎక్కువ శ్రద్ధగా పాఠం చెప్పారు. హాజరు పట్టీ మాత్రమే చూసే తనిఖీ అధికారికి ఈ మార్పు కంటబడేది కాదు.

ఈ అధ్యయన కుటుంబంలోనే, అంతగా ప్రచారం పొందకపోయినా మరింత విలువైన ఫలితాలు రెండు ఉన్నాయి. కొన్ని బడుల్లో పిల్లలకు ఏది వచ్చునో, ఏది రాదో వివరంగా పరీక్షించి, ఆ నివేదికను ఉపాధ్యాయుల చేతికి ఇచ్చి, వారిని తరచుగా గమనించి, అంతటితో ఆగారు. గమనిస్తున్నంతసేపు ఉపాధ్యాయులు శ్రమపడినట్లు కనిపించారు గాని, సంవత్సరాంతంలో పిల్లల చదువులో తేడా కనబడలేదు. తూచినంత మాత్రాన ధాన్యం పెరగదని రైతుకు తెలుసు, కాని పరీక్షలు పెంచితే చదువు పెరుగుతుందన్న నమ్మకం విద్యాశాఖల్లో నేటికీ బలంగానే ఉంది. రెండోది బడులకు ఇచ్చిన నగదుకు సంబంధించినది. ఆ నగదుతో పిల్లలకు నోటు పుస్తకాలు, పలకలు, అభ్యాస సామగ్రి కొన్నారు. అనుకోకుండా వచ్చిన మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది బడి ఇస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము పెట్టే ఖర్చును దాదాపు అంతే మేర తగ్గించుకోగా, మార్కుల్లో లాభం కనబడకుండా పోయింది. ఇది తల్లిదండ్రుల తప్పు కాదు, చేతిలో ఉన్న నాలుగు రూపాయలను ఏ అవసరానికి మళ్ళించాలో తెలిసిన గృహస్థుల తెలివి. బడి గోడల లోపల మాత్రమే లెక్క చూసిన పరిశోధకుడికి పథకం విఫలమైనట్లు కనిపించినా, ఆ డబ్బు ఇంట్లో బియ్యంగానో మందుగానో మారి ఉండవచ్చు. బడి మూల్యాంకనాన్ని ఇంటి నుంచి విడదీయరాదని దీని వలన తేలుతుంది.

ఏ విషయంలో పరీక్షించారన్నది ఫలితాన్ని ఎంతగా మారుస్తుందో 2008లో మొదలైన మరొక అధ్యయనం చూపింది. 180 గ్రామాల్లో సర్కారు బడి పిల్లలు కొందరికి లాటరీ ద్వారా ప్రైవేటు బడి ఫీజు చెల్లించారు. నాలుగేళ్ళ తర్వాత తెలుగులో, గణితంలో లాటరీ తగిలినవారికి, తగలనివారికి తేడా లేదు; హిందీలో మాత్రం లాటరీ తగిలినవారు బాగా ముందున్నారు, ప్రైవేటు బడులు తెలుగుకు, గణితానికి తక్కువ సమయమిచ్చి హిందీ వంటివాటికి ఎక్కువ సమయమిచ్చాయి గనుక. ఆ బడులు ఒక్కొక్క పిల్లవాడి మీద పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతుకన్నా తక్కువ. హిందీని పరీక్షించకుండా వదిలి ఉంటే, ఖర్చును లెక్కించకుండా వదిలి ఉంటే, వేర్వేరు తీర్పులు వచ్చి ఉండేవి.

ఇటువంటి చీటీల పద్ధతిని స్టూవర్టుపురం బడికి తెచ్చి అతికించడం సాధ్యం కాదు. అది వందల బడుల మీద పనిచేసే పద్ధతి. ఒకే ఊళ్ళో తరగతికి ఇరవై ముప్పై మంది పిల్లలున్నచోట ఒక ఏడాది ఇద్దరు ముగ్గురు చురుకైనవారు చేరినా, వలస వెళ్ళినా సగటు పైకీ కిందికీ ఊగిపోతుంది. ఆ ఊగిసలాటను చూసి ప్రధానోపాధ్యాయుణ్ణి మెచ్చుకోవడమూ, మందలించడమూ రెండూ అన్యాయమే. ఎరుకలవారు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు, 2011 జనగణన నాటికి ఉమ్మడి రాష్ట్రంలో వారి సంఖ్య 5 లక్షలు దాటింది. అంత పెద్ద సముదాయపు సగటు స్టూవర్టుపురం బిడ్డను గురించి చెప్పగలిగింది తక్కువ. ఒక అంకెకు బహుమతి, శిక్ష ముడిపెట్టినకొద్దీ ఆ అంకె వంకర పోతుందని అమెరికన్ మనస్తత్వవేత్త డొనాల్డ్ కాంప్‌బెల్ 1970లలో సూత్రీకరించాడు. ఉత్తీర్ణత శాతం మీద పరువు నిలబడ్డ ఊళ్ళలో వెనుకబడిన పిల్లలను పరీక్షకు ముందే తప్పించే ప్రలోభం పుట్టడం ఈ సూత్రం చెప్పే సంగతే. ఇటువంటి ఊరికి తగినది పదేళ్ళు, ఇరవై ఏళ్ళు ఒకే పిల్లలను వెంబడించి చూసే ఓపికగల పరిశోధన.

అటువంటి పరిశోధనకు తెలుగునాట నమూనా ఉంది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపించిన యంగ్ లైవ్స్ అధ్యయనం హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం తోడ్పాటుతో 2002 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లలను వారి బాల్యం నుంచి యౌవనం దాకా వెంబడించింది. కరువు రోజుల్లో ఎదుగుదల దెబ్బతిన్న పసివారికి బడిలో పెట్టిన మధ్యాహ్న భోజనం ఆ లోటును చాలావరకు పూడ్చిందని ఈ సమాచారంతోనే తేలింది. భోజన పథకాన్ని హాజరుతో మాత్రమే కొలిచినవారికి ఆ సంగతి అందేది కాదు.

యంగ్ లైవ్స్ పిల్లల ఎత్తును, బరువును, చదువును కొలవడంతో ఆగక, తమ జీవితం ఏ మెట్టు మీద ఉందని అనుకుంటున్నారో పిల్లలనే అడిగింది. దీనిని నిచ్చెన ప్రశ్న అంటారు. ఊహించగలిగిన అతి మంచి బతుకు పైమెట్టు, అతి చెడ్డ బతుకు కిందిమెట్టు అనుకుంటే ఈనాడు ఎక్కడ నిలబడి ఉన్నావు, కొన్నేళ్ళకు ఎక్కడ ఉంటావని అనుకుంటున్నావు అన్నదే ప్రశ్న. అమెరికన్ పరిశోధకుడు హ్యాడ్లీ కాంట్రిల్ దీనిని భారతదేశంతో సహా అనేక దేశాల్లో అడిగి 1965 నాటికి వ్యాప్తిలోకి తెచ్చాడు. దీనికీ పరిమితి ఉంది. లేమికి అలవాటుపడినవారు లేమిలోనే తృప్తి ప్రకటించవచ్చు కనుక, నిచ్చెన మీది అంకెను ఆదాయం, ఆరోగ్యం, చదువులకు బదులుగా కాక, వాటి పక్కన పెట్టి చదవాలి. అయినా కూలి డబ్బు ఎంతో, ఇంటి కప్పు ఏదో లెక్కించే ఏ కొలతా పట్టుకోలేని ఒక బాధ స్టూవర్టుపురంలో ఉంది. 1991లో ఈ ఊరి పేరుతో సినిమా వచ్చింది. 2023లో మరొక సినిమా తమ సముదాయాన్ని, ఊరిని కించపరుస్తున్నదన్న అభ్యంతరంతో వ్యవహారం హైకోర్టుదాకా వెళ్ళింది. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటిన తర్వాత కూడా ఊరి పేరు గౌరవంకోసం కోర్టు మెట్లెక్కవలసి రావడం ఆ ప్రజల క్షేమాన్ని గురించిన సాక్ష్యం. ఏ ప్రశ్నావళీ అడగకపోయినా ప్రజలు తామై ఇచ్చిన సమాధానం అది.

గోరా కుమారుడు లవణం, మహాకవి జాషువా కుమార్తె హేమలతా లవణం 1970లలో సంస్కార్ పేరిట స్టూవర్టుపురంలో చేపట్టిన కార్యక్రమాన్ని ఈ దృష్టితో చూసినప్పుడే దాని విలువ తెలుస్తుంది. సెటిల్‌మెంటు మనుషులను గోడల మధ్య ఉంచి మార్చాలని చూడగా, ఈ దంపతులు నేరం నుంచి బయటపడదలచినవారితో, వారి భార్యాబిడ్డలతో కలిసి కూర్చుని మాట్లాడి, చదువు, ఉపాధి, సమాజంలో మన్నన అనే దారిలో నడిపించ ప్రయత్నించారు. అటువంటి పనిని నేరాల తగ్గుదలతో కొలిస్తే, తెల్లదొరల కొలబద్దనే మళ్ళీ చేతికి తీసుకున్నట్లు అవుతుంది. దానికి తగిన కొలతలు వేరు: ఆనాడు జైలుకు, ఇంటికి మధ్య తిరిగిన తండ్రి మనుమరాలు ఎంతవరకు చదివింది, ఎక్కడ పనిచేస్తున్నది, ఎక్కడో దొంగతనం జరిగితే పోలీసులు ఇప్పటికీ ఈ ఊరి తలుపులే తడుతున్నారా లేదా అన్నవి.

ఈ కొలతలకోసం వెళ్ళే పరిశోధకుడు చేత పట్టుకుపోయే ఫారంలో కుటుంబ యజమాని పేరు, సభ్యుల వయసులు, పని, ఎక్కడెక్కడికి వెళ్ళి వస్తారు అన్న గళ్ళు ఉంటాయి, చివరలో వేలిముద్రకో సంతకానికో చోటు ఉంటుంది. తెనాలిలోనో రేపల్లెలోనో ఆ ఫారం మామూలు కాగితం. తాతలు హాజరు పట్టీలో పేరు పలికించుకుని, వేలిముద్ర వేసి, పాసు చూపి బతికిన ఊళ్ళో అదే ఫారం మరొకలా కనిపిస్తుంది. సమాచారం ఎందుకు సేకరిస్తున్నారో, ఎవరికి అందుతుందో చెప్పి, ఇష్టం లేనివారు నష్టమేమీ లేకుండా కాదనవచ్చునని స్పష్టం చేయడం ఏ పరిశోధనలోనైనా నియమమే. స్టూవర్టుపురంలో అంతటితో సరిపోదు. ఏయే ప్రశ్నలు అడగాలో నిర్ణయించేటప్పుడు ఆ ఊరి ఉపాధ్యాయులు, డిగ్రీలు చదివిన యువతీయువకులు, పెద్దలు బల్లకు ఇవతల కాక అవతల, పరిశోధకుల పక్కన కూర్చోవాలి, తేలిన ఫలితాన్ని ముందుగా వారి పంచాయతీలోనే తెలుగులో చదివి వినిపించాలి. పేర్లు రాసుకునేవారి పట్టీ నూరేళ్ళ కిందట ఆ ఊరిని దాటి మద్రాసుకు పోయింది గాని, దానిలో ఏం రాశారో స్టూవర్టుపురంలో ఎవరికీ చదివి వినిపించలేదు.